గ్రానైట్ కోయించే ముందు ఒక్కసారి చదవండి: ఏడేళ్ల బిల్ట్‌ఇన్ కిచెన్ మీద నా రివ్యూ

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా వంటింట్లో గ్రానైట్ మేస్త్రి కట్టర్ పట్టుకుని కూర్చున్నాడు, పక్కన అతని కుర్రాడు మగ్గుతో నీళ్లు పోస్తున్నాడు, ఆ నీళ్లూ రాతి పొడీ కలిసి బూడిదరంగు బురదలా డ్రాయర్ల మీద నుంచి కారుతోంది, నేనేమో ఫ్రిజ్ మీద పాత దుప్పటి కప్పి గుమ్మం దగ్గర ముక్కు మూసుకుని నిలబడ్డా. ఇదంతా ఎంత కోసం అనుకున్నారు, రెండు సెంటీమీటర్ల కోసం. హాబ్ అంటే గట్టు రాయిలో కన్నం కోసి దింపే స్టవ్. పాత హాబ్‌కి కోసిన కన్నం 47 సెం.మీ. లోతు, అంటే ముందు నుంచి వెనక్కి, కొత్త హాబ్‌కి కావాల్సింది 49. అంతే తేడా. దానికి రెండు రోజులు బయట నుంచి తెప్పించుకుని తిన్నాం, పై అల్మరాల్లో ఉన్న డబ్బాలన్నీ తీసి తుడుచుకున్నాం, కందిపప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టలేదేమో పప్పులో కూడా రాతిపొడి పడింది, పారేశా.

అందుకని ఈ రివ్యూ ఒక్క వస్తువు మీద కాదు, మా వంటింట్లో ఉన్న మెషిన్లన్నిటి మీద. గోడలోనో గట్టులోనో కలిసిపోయే బిల్ట్‌ఇన్ కొనాలా మామూలువి కొనాలా అని ఇల్లు కట్టుకునేవాళ్లూ ఫ్లాట్ కొన్నవాళ్లూ నన్ను అడుగుతూనే ఉంటారు, ప్రతిసారీ ఫోన్‌లో అరగంట చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. ఇబ్బంది పెట్టినవాటి పేర్లు చెప్పను, నా గొడవంతా ఆ కన్నంతోనే.

మేం 2018లో నిజాంపేటలో ఫ్లాట్ కొన్నాం. సరిగ్గా ఆ ఆగస్టులోనే హైటెక్ సిటీలో ఐకియా తెరిచారు, ఇండియాలో వాళ్ల మొదటి షాపు అదే, జనం తిరనాళ్లకి పోయినట్టు పోయారు, మేమూ పోయాం. అక్కడ తయారుచేసి పెట్టిన వంటగదులు చూసి మా ఆయనకి మతిపోయింది. ఓవెన్ గోడలో కలిసిపోయి ఉంది, స్టవ్ రాయిలో కలిసిపోయి ఉంది, డిష్‌వాషర్ ఎక్కడుందో తలుపు తీస్తేగానీ తెలీదు. మనకీ ఇలాగే కావాలి, ఎక్కడా ఒక్క గ్యాప్ కనపడకూడదు అన్నాడు. ఆ గ్యాప్‌లో తడిగుడ్డ పెట్టి తుడిచేది నేను కాబట్టి నేనూ ఊ అన్నా. తర్వాత మాడ్యులర్ కిచెన్ చేసే అతను వచ్చి త్రీడీ బొమ్మ చూపించేసరికి ఇంక వెనక్కి తగ్గలేకపోయాం.

ముందు ఒక చిన్న సంగతి. షోరూముల్లో అన్నిటినీ కలిపి బిల్ట్‌ఇన్ అనేస్తారు గానీ రెండు రకాలున్నాయి. ఒకటి కన్నంలోనో గూట్లోనో కూర్చుంటుంది, ముఖం బయటికి కనపడుతుంది, హాబ్, బిల్ట్‌ఇన్ ఓవెన్ ఇలాంటివి. రెండోది ఇంటిగ్రేటెడ్, దాని తలుపు మీద మన క్యాబినెట్ తలుపు లాంటి చెక్కే బిగిస్తారు, మెషిన్ ఉన్నట్టే తెలీదు, డిష్‌వాషర్లూ ఫ్రిజ్‌లూ ఇలా వస్తాయి. ఫ్రీస్టాండింగ్ అంటే మనకి తెలిసిందే, తెచ్చి పెట్టి ప్లగ్గు గుచ్చితే అయిపోయేవి, ఇల్లు మారితే లారీ ఎక్కేవి.

సరే, హాబ్. మాది మూడు బర్నర్ల గ్లాస్ హాబ్, అప్పట్లో పదిహేడు వేలు పెట్టాం. మొదటి రెండేళ్లూ చాలా సుఖపడ్డా, అబద్ధం ఎందుకు చెప్పడం. మామూలు స్టవ్ కింద చేరే పోపుగింజలూ అన్నం మెతుకులూ ఏమీ ఉండవు, ఒక్క తుడుపుకి గట్టంతా శుభ్రం. గిన్నె ఎత్తు కూడా తగ్గుతుంది, నాలా పొట్టివాళ్లకి పెద్ద తపేలాలో పులిహోర కలుపుకోవాలంటే ఆ నాలుగంగుళాలు తగ్గడం చిన్న విషయం కాదు. చూడ్డానికి ఎలాగూ బాగుంటుంది.

కానీ పాలు పొంగాయనుకోండి. మామూలు స్టవ్ అయితే గొట్టం జాగ్రత్తగా చూసుకుని కాస్త ఎత్తి కింద తుడిచేస్తాం, మరీ అంటుకుపోతే బయట వేసి కడిగేస్తాం. హాబ్‌లో పాలు బర్నర్ చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి దిగుతాయి, లోపల రేకు డబ్బాలో ఎండి మాడి కూర్చుంటాయి, రెండ్రోజుల తర్వాత ఎక్కడో కాలిన వాసన వస్తుంది ఎక్కడో తెలీదు. దాన్ని పైకి తీయాలంటే కింద క్లిప్పులు విప్పాలి, అంచు చుట్టూ సిలికాన్ కొట్టి ఉంటే బ్లేడుతో కోయాలి, మళ్లీ బిగించాలి. ఇది మనం చేసే పని కాదు, మనిషిని పిలవాలి, వాడు వచ్చినప్పుడల్లా ఐదొందలో ఆరొందలో.

రెండోది మంట ఆరితే గ్యాస్ ఆగిపోయే సేఫ్టీ. మంచి సదుపాయమే, నేను కాదనను, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే తప్పకుండా ఉండాల్సిందే. బర్నర్ పక్కన చిన్న మేకులాంటిది ఉంటుంది, అది మంటకి వేడెక్కితేనే గ్యాస్ వదులుతుంది, అందుకని వెలిగించాక నాబ్‌ని నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. మా అత్తయ్యగారు నలభై ఏళ్లుగా లైటర్ టిక్కుమనిపించి చెయ్యి తీసేసిన మనిషి, ఈ నొక్కిపట్టుకోవడం ఆవిడకి అసలు పట్టలేదు, "వెలిగింది కదే అమ్మాయ్, మళ్లీ ఆరిపోతుందేంటి, దీనికేదో చెడు పట్టింది" అని రోజూ గొడవ. ఆ మేకు మీద జిడ్డు పడితే నిజంగానే ఆరిపోతుంది కూడా. పాత టూత్‌బ్రష్‌తోనో సన్నటి గరుకు కాగితంతోనో మెల్లగా రుద్దితే మా దాంట్లో సగం సార్లు బాగైపోయేది, నేను ఇది తెలుసుకునేలోపు మూడుసార్లు సర్వీస్ చార్జి కట్టా.

ఇంకోటి ఎవరూ చెప్పరు, గ్యాస్ గొట్టం. మామూలు స్టవ్‌కి గొట్టం కళ్ల ముందు ఉంటుంది, పగుళ్లొస్తే కనపడుతుంది. హాబ్‌కి మాత్రం డ్రాయర్ల వెనకాల చీకట్లో ఉంటుంది. సురక్ష గొట్టం అయినా ఐదేళ్లకి మార్చాలి, దాని మీదే అచ్చువేసి ఉంటుంది. మాది మార్చింది ఎప్పుడో తెలుసా, హాబ్ చెడిపోయి పైకి తీసిన రోజు, అంటే ఏడేళ్లకి. డ్రాయర్ వెనక అంచు రోజూ రాసుకుని రాసుకుని ఒకచోట పై రబ్బరు అరిగి లోపలి అల్లిక కనపడుతోంది. అది చూశాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మీ ఇంట్లో హాబ్ ఉంటే ఈ రివ్యూ మధ్యలో ఆపేసి డ్రాయర్ లాగి ఫోన్ టార్చ్ వేసి ఒకసారి చూసి రండి. సిలిండర్ క్యాబినెట్‌లో పెట్టి ఉంటే ఆ తలుపుకి కింద గాలి ఆడే జాలీ ఉందో లేదో కూడా చూడండి, ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది.

అపార్ట్‌మెంట్‌కి పైపు గ్యాస్ వచ్చినప్పుడు ఇంకో ముచ్చట. సిలిండర్ గ్యాస్ స్టవ్‌కి 30 మిల్లీబార్ ప్రెషర్‌తో వస్తుంది, పైపు గ్యాస్ 21తో, గ్యాసే వేరు, కాబట్టి బర్నర్ కింద ఉండే జెట్ మార్చాలి, కన్నం పెద్దది ఉన్న జెట్ వేయాలి. పక్క ఫ్లాట్ వాళ్ల రెండు బర్నర్ల మామూలు స్టవ్‌కి తిరగేసి పది నిమిషాల్లో మార్చేశారు. మా హాబ్‌కి ఆ మోడల్ జెట్లు విడిగా తెప్పించుకోవాల్సి వచ్చింది, వచ్చేదాకా మూడు వారాలు ఇండక్షన్ స్టవ్ మీద ఒక్కో కూర చేసుకుంటూ గడిపాం. కొనేటప్పుడే పైపు గ్యాస్ జెట్లు డబ్బాతో పాటు ఇస్తారా అని అడగండి.

ఇక అసలు కథ. మధ్య బర్నర్ బేస్ పాడైంది. పార్ట్ రాదన్నారు, ఆ మోడల్ ఆగిపోయిందట. మామూలు స్టవ్‌కి ఇలాంటిది జరిగితే ఏం చేస్తాం, వీధి చివర స్టవ్ రిపేర్ షాపుకి పట్టుకెళ్తాం, వాడు ఏదో ఒక బర్నర్ సరిపెట్టి ఇస్తాడు, అదీ కాకపోతే ఐదారు వేలు పెట్టి కొత్తది తెచ్చి అదే చోట పెడతాం. హాబ్ మారుద్దామని షోరూముకి పోతే అప్పుడు తెలిసింది, ఒక్కో కంపెనీది ఒక్కో కన్నం సైజు, అదే కంపెనీలో కూడా మోడల్‌కీ మోడల్‌కీ తేడా. పైన గ్లాస్ సైజు చూసి సరిపోతుందనుకుంటాం, అది కాదు చూడాల్సింది, డబ్బా మీద కటౌట్ సైజ్ అని విడిగా రాసి ఉంటుంది, అది చూడాలి. మూడు షాపులు తిరిగి, టేపు పెట్టి కొలిచిన కాగితం పర్సులో పెట్టుకుని, నచ్చినవాటిల్లో ఒక్కటీ 47 లోతు దొరకలేదు.

కన్నం చిన్నదైతే కోయొచ్చు, పెద్దదైతే అతికించలేం. మాది చిన్నది కాబట్టి అదృష్టవంతులమే అన్నాడు షాపు అబ్బాయి. మేస్త్రి వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. మా బిల్డర్ వేసిన గట్టు లోతు 22 అంగుళాలు, అంటే 56 సెం.మీ. దాంట్లో 49 తీసేస్తే మిగిలేది 7, అది ముందూ వెనకా పంచుకోవాలి. "ముందు పట్టీ రెండంగుళాలన్నా లేకపోతే నిండు కుక్కర్ తగిలితే చాలు మేడమ్, ఇరుగుద్ది" అన్నాడు. గట్టు 24 అంగుళాలు ఉంటే ఈ గొడవే లేదు. చివరికి వెనక వైపే రెండు సెంటీమీటర్లూ కోసి, ముందు పట్టీ కింద ఇనప యాంగిల్ వేయించాం. కోతకి నాలుగు వేలు, యాంగిల్‌కి పన్నెండొందలు, కొత్త హాబ్ ఇరవై ఒక్క వేలు, పప్పు నష్టం వేరే.

ఇదంతా అయ్యాక మా చెల్లి ఒక్క మాట అంది, "హాబ్‌టాప్ కొనుక్కోవచ్చుగా అక్కా". నిజంగా నాకు అప్పుడు తట్టలేదు. హాబ్‌టాప్ అని ఈమధ్య చాలా కంపెనీలు ఇస్తున్నాయి, చూడ్డానికి హాబ్‌లా పల్చగా ఉంటుంది, కాళ్లు బిగిస్తే గట్టు మీదే మామూలు స్టవ్‌లా కూర్చుంటుంది, కావాలంటే కాళ్లు తీసి కన్నంలో దింపుకోవచ్చు. ఇప్పుడు కొత్తగా వంటిల్లు చేయించుకునేవాళ్లకి నా సలహా ఇదే, రాయి కోయకండి, హాబ్‌టాప్ పెట్టుకుని రెండేళ్లు వంట చేయండి, అప్పటికీ కన్నం కావాలనిపిస్తే అప్పుడు కోయించుకోండి. రాయి ఎక్కడికీ పోదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకైతే అసలు ఈ చర్చే అక్కర్లేదు.

చిమ్నీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎలాగూ గోడకి బిగించాల్సిందే. స్టవ్‌కీ దానికీ మధ్య 65 నుంచి 75 సెం.మీ. ఉండాలి, హాబ్ తీసేసి మామూలు స్టవ్ పెడితే ఆ దూరం తగ్గుతుంది, లెక్క చూసుకోండి. పైపు ఆరంగుళాలది వేసి వంపులు తగ్గిస్తే సగం సమస్యలు రావు. మా పోపులకి ఎంత సక్షన్ ఉన్నా ఎండుమిరపకాయల ఘాటు హాల్లోకి వస్తూనే ఉంటుంది.

ఓవెన్ విషయంలో నేను తిట్టుకోవాల్సింది నన్నే. బిల్ట్‌ఇన్ ఓవెన్ మాది 65 లీటర్లది, 16 ఆంప్ పాయింట్ విడిగా లాగించాం, నలభై వేల పైమాట. ఏడేళ్లలో ఎన్నిసార్లు వాడానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పిల్ల పుట్టినరోజు కేకులూ, ఒకసారి లాక్‌డౌన్‌లో అందరిలాగే రొట్టె పిచ్చి పట్టినప్పుడు ఓ రెండు నెలలూ. మిగతా రోజుల్లో అందులో నేతి గిన్నె, పెద్ద మూకుళ్లు పెట్టుకుంటున్నా, గోడలో ఉన్న ఖరీదైన అల్మరా అనుకోండి. మనిళ్లలో చాలామందికి 30, 40 లీటర్ల ఓటీజీ, అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, చాలు, అక్కర్లేనప్పుడు తీసి అటక మీద పడేయొచ్చు.

అయితే వారానికి ఒకసారైనా బేక్ చేసేవాళ్లుంటే నేను బిల్ట్‌ఇన్‌కే ఓటేస్తా, ఎందుకంటే ఛాతీ ఎత్తులో పెట్టించుకుంటే వంగక్కర్లేదు, వేడి ట్రే పట్టుకుని పైకి లేవక్కర్లేదు, నడుం నొప్పి ఉన్నవాళ్లకి అది తెలుస్తుంది. పైగా ఇక్కడ కన్నం భయం లేదు. ఓవెన్ గూడు దాదాపు అందరిదీ ఒకటే, 56 సెం.మీ. వెడల్పు, 60 ఎత్తు, 55 లోతు, యూరప్‌లో క్యాబినెట్లు చేసేవాళ్లూ మెషిన్లు చేసేవాళ్లూ అరవై సెంటీమీటర్ల కొలత ఒకటి పట్టుకుని ఎప్పట్నుంచో దాన్నే నడిపిస్తున్నారు. ఒకటి పాడైతే ఇంకో కంపెనీది తెచ్చి ఆ గూట్లోకి తోసేయొచ్చు. హాబ్‌కి కూడా ఇదే పద్ధతి ఉంటే నా ఆదివారం నాకు మిగిలేది. ఇప్పుడు ఎవరు ఏం అడిగినా నేను మొదట అడిగేది ఇదే, ఆ గూడు అందరి సైజా, ఆ ఒక్క కంపెనీ సైజా. అందరిదీ అయితే ధైర్యంగా బిల్ట్‌ఇన్ తీసుకోండి.

మైక్రోవేవ్ మాత్రం చెప్తా వినండి. డబ్బులు మిగుల్తాయని మేం మామూలు మైక్రోవేవ్ కొని, టాల్ యూనిట్‌లో, అంటే నిలువెత్తు అల్మరాలో, దానికి కొలిచి మరీ గూడు చేయించాం, అటూ ఇటూ వేలు దూరేంత ఖాళీ కూడా లేదు, మా ఆయన భలే మురిసిపోయాడు. మామూలు మైక్రోవేవ్ పక్కల నుంచీ వెనక నుంచీ వేడి గాలి వదులుతుంది, దాని పుస్తకంలోనే పైన 20 సెం.మీ. ఖాళీ ఉంచమని బొమ్మేసి మరీ చెప్పారు, ఎవరు చదివారు. ఏడాదిన్నర తిరిగేసరికి గూటి పైన లామినేట్ ఉబ్బి పొరలా లేచింది, అప్పడంలా. ఇప్పుడు దాన్ని కిందకి దించి గట్టు మూలన పెట్టా, ఆ గూట్లో పిల్లల కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు. గూట్లో పెట్టాలంటే బిల్ట్‌ఇన్‌కి చేసిందే కొనాలి, దానికి గాలి ముందు నుంచి ఆడేలా కడతారు. మామూలుది కొంటే బయటే ఉంచాలి. మామూలుది కొని బిల్ట్‌ఇన్‌లా కనపడాలంటే మాత్రం ఇలాగే అప్పడం అవుతుంది.

డిష్‌వాషర్ 2020లో కొన్నాం. పనమ్మాయి రావడం ఆగిపోయి, అంట్లు తోమీ తోమీ చేతులు ఒరిసిపోయి, ఎక్కడా స్టాక్ లేని రోజుల్లో రెండు నెలలు వెయిట్ చేసి మరీ. బాష్ 13 ప్లేస్ సెట్టింగ్స్‌ది, అంటే పదమూడు మంది తిన్న అంట్లు పట్టేది, ఫ్రీస్టాండింగ్. మా ఆయన ఇంటిగ్రేటెడ్ కోసం పట్టుబట్టాడు, టేపు పెట్టి కొలిస్తే ఆయనే ఊరుకున్నాడు. ఫ్రీస్టాండింగ్ డిష్‌వాషర్లు దాదాపు 85 సెం.మీ. ఎత్తుంటాయి, చాలావాటికి పై మూత తీస్తే రెండు మూడు సెంటీమీటర్లు తగ్గుతుంది. గట్టు కింద పెట్టే బిల్ట్‌ఇన్‌వి సుమారు 82. మా గట్టు నేల నుంచి పైకి 32 అంగుళాలు, అంటే 81, అందులో రాయీ దాని కింద ప్లైవుడ్డూ తీసేస్తే 77 కూడా మిగల్లేదు. ఏదీ పట్టదు. మన బిల్డర్లు ఇంకా ఆడవాళ్ల ఎత్తు అయిదడుగులు అనుకుని గట్లు కడతారు, పెద్ద ప్రాజెక్టుల్లో కూడా. కొత్తగా కట్టించుకునేవాళ్లు 34, 35 అంగుళాలు పెట్టించుకోండి, ఇప్పుడు డిష్‌వాషర్ కొనకపోయినా సరే, ఒక అరవై సెంటీమీటర్ల చోటు డ్రాయర్లు కాకుండా తీసేయగలిగే షట్టర్‌తో వదలండి, దగ్గర్లో నీళ్ల పాయింటూ డ్రెయినూ 16 ఆంప్ సాకెట్టూ పెట్టించండి. సాకెట్ మెషిన్ వెనక కాదండోయ్, పక్క క్యాబినెట్‌లో. వెనక పెడితే ప్లగ్గు మందమే మెషిన్‌ని ముందుకి తోస్తుంది, రిపేర్‌కి వచ్చినవాడు ప్లగ్గు పీకాలంటే మెషిన్ మొత్తం లాగాలి.

అలా మాది యుటిలిటీ బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన నిలబడింది, ఐదేళ్లు అయింది, నాకు అదే మంచిదైంది. అంట్లు వాసన వంటింట్లో ఉండదు, రాత్రి పదకొండుకి ఆన్ చేస్తే చప్పుడు లోపలికి వినపడదు. అందులో కడాయి ప్రోగ్రాం అని 70 డిగ్రీల నీళ్లతో కడిగేది ఒకటి ఉంది, సాంబారు గిన్నెలూ జిడ్డు మూకుళ్లూ దాంట్లో బాగా వస్తాయి, అడుగంటిన పాలగిన్నె మాత్రం రాదు, ముందు నానబెట్టాల్సిందే. నాన్‌స్టిక్, ఇత్తడి, అల్యూమినియం పెట్టకండి, మా పెళ్లినాటి ఇత్తడి గిన్నె ఒకటి నల్లగా మారింది, చింతపండు పెట్టి తోమితే గానీ దారికి రాలేదు. పై ట్రే ఎత్తు మార్చుకోవచ్చు కాబట్టి కింద పెద్ద కుక్కర్ కూడా పడుతుంది. మాది బోరు నీళ్లు, అందుకని ఉప్పు, అంటే డిష్‌వాషర్ ఉప్పు, వంట ఉప్పు కాదు, అది అయిపోకుండా చూసుకోవాలి, లేకపోతే గ్లాసుల మీద తెల్ల పొర కడుతుంది. ఒక్క విడతకి నీళ్లు పది లీటర్ల చుట్టూ, చేత్తో తోమితే నేను కుళాయి తిప్పి అంతకి రెండింతలు పారబోసేదాన్ని.

మా చెల్లి కోకాపేటలో ఇంటిగ్రేటెడ్ పెట్టించుకుంది, చూడ్డానికి వజ్రంలా ఉంటుంది. కాకపోతే దాని తలుపు మీద బిగించే చెక్క ఇంత బరువు లోపు ఉండాలని మాన్యువల్‌లో ఉంటుంది, తలుపు స్ప్రింగులు ఆ బరువుకే బిగించి ఉంటాయి. వాళ్ల కార్పెంటర్ మిగతా షట్టర్లకి వాడిన మందం ప్లై మీద గ్లాస్ కూడా వేసి బిగించాడు, తలుపు తెరవగానే ధబీమని కింద పడేది, వాళ్ల బుడ్డోడి కాలి మీద పడాల్సింది తప్పింది. మళ్లీ పల్చటి చెక్కతో చేయించారు, రంగు కొంచెం తేడా వచ్చింది, దాని పక్కన నిలబడి కాఫీ తాగినప్పుడల్లా మా చెల్లి చూపు ఆ తలుపు మీదే ఉంటుంది. లోపల మెషిన్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఫ్రిజ్ గురించి నాకు ఏ అనుమానమూ లేదు, బిల్ట్‌ఇన్ వద్దు. ఒకసారి బంజారాహిల్స్‌లో ఒక షోరూంలో తలుపు తెరిచి చూశాం, లక్ష దాటిన ఫ్రిజ్‌లో లోపల చోటు మా ఇంట్లో ఉన్న ఇరవై ఎనిమిది వేల డబుల్ డోర్ కంటే తక్కువ, 250 లీటర్ల చిల్లర. అరవై సెంటీమీటర్ల క్యాబినెట్ లోపల ఇంకో డబ్బా పెడితే అంతకంటే ఎక్కడొస్తుంది. దోసెల పిండి గిన్నె, ఇడ్లీ పిండి గిన్నె, పెరుగు, రెండు రకాల రోటి పచ్చళ్లు, ఊరి నుంచి వచ్చిన గోంగూర కట్టలు, ఇవన్నీ ఎక్కడ పెట్టాలి. షోరూం అతను "వీక్లీ షాపింగ్ చేస్తే సరిపోతుంది సర్" అన్నాడు, మా అత్తయ్యగారు ఆయన్ని పైనుంచి కిందకి చూశారు.

మామూలు ఫ్రిజ్ కొని చుట్టూ చెక్క పెట్టెలా కట్టించుకునేవాళ్లు మాత్రం ఆగండి. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లకి వెనక నల్ల జాలీ కనపడదు, వేడి వదిలే గొట్టాలు పక్క రేకుల లోపల ఉంటాయి, అందుకే ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగుల్తుంది, అది రిపేర్ కాదు. దానికి ఆనించి చెక్క కడితే వేడి పోయే దారి లేక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, ఐదు స్టార్లు పెట్టి కొన్నా కరెంటు బిల్లులో ఆ స్టార్లు కనపడవు. పక్కలా వెనకా పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదిలి, పైన కూడా మూసేయకుండా ఉంచండి. తలుపు 90 డిగ్రీలు దాటి తెరుచుకుంటేనే లోపలి కూరగాయల ట్రే బయటికి వస్తుంది, గోడ మూలన పెట్టేముందు ఇది చూడండి, మేం చూడలేదు, ట్రే ఏటవాలుగా తిప్పి తీస్తాం ఇప్పటికీ.

మా తమ్ముడు లండన్ దగ్గర అద్దె ఇంట్లో ఉంటాడు, అక్కడ వంటింట్లోనే వాషింగ్ మెషిన్, అది కూడా క్యాబినెట్ తలుపు వెనకాల, మొదటి రోజు వీడు మెషిన్ ఎక్కడుందో తెలీక ఓనర్‌కి ఫోన్ చేశాడట. మెషిన్ పాడైతే మార్చేది ఓనరే కాబట్టి వాడికి నొప్పి లేదు. డాలస్‌లో మా పెదనాన్న కూతురి ఇంట్లో డిష్‌వాషర్ గట్టు కిందే ఉంటుంది, వాళ్లకి అదంతా 24 అంగుళాల కొలత, స్టవ్వూ ఓవెనూ కలిసి వచ్చే రేంజ్ 30 అంగుళాలది, పాతది లాగి కొత్తది తోస్తారు, శనివారం పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నానికి వంట. ఆ ఫోటోలు చూసి మనం ముచ్చటపడి ఇక్కడ చేయిస్తే, ఆ కొలతలు మాత్రం మన గట్లకి రావు.

ఎవరైనా ఇప్పుడు చేయిస్తుంటే ఇంకొక్క మాట, మాడ్యులర్ అతను "ముందు క్యాబినెట్లు అయిపోనివ్వండి, మెషిన్లు తర్వాత కొనొచ్చు" అంటే వినకండి. మోడల్ నంబరు ఖాయం చేసుకుని, కొలతల కాగితం ప్రింట్ తీసి అతని చేతిలో పెట్టాకే చెక్క కోయించండి. ఆ కాగితాలు పారేయకండి కూడా, మావి పోయాయి కాబట్టే నేను పర్సులో టేపు పెట్టుకుని తిరిగా.

మా కొత్త హాబ్ వచ్చి ఐదు వారాలైంది. బాగానే ఉంది, మంట బాగుంది, నాబ్ రెండు సెకన్లు నొక్కితే చాలు, అత్తయ్యగారు కూడా ఒప్పుకున్నారు. ముందు పట్టీ మీద కుక్కర్ పెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పా, అయినా పొద్దున హడావిడిలో మా ఆయనే పెట్టేస్తాడు. 2018లో మొదటిసారి కన్నం కోసినప్పుడు లోపలి నుంచి వచ్చిన గ్రానైట్ పలకని మేస్త్రి పారేయబోతుంటే అత్తయ్యగారు అడ్డుపడి దాచారు, అంచులు నున్నగా రుద్దించి దాని మీదే చపాతీలు ఒత్తుతున్నారు ఇన్నేళ్లూ. మొన్న కోసిన రెండు సెంటీమీటర్ల పేలిక ముక్కలు కూడా బాల్కనీలో తులసికోట పక్కన పేర్చి ఉన్నాయి, దేనికని అడిగితే ఉండనీయవే అన్నారు.